ఎముకల కోసం వేసిన ఇంజెక్షన్, పడిపోయిన కాల్షియం: కిడ్నీ జబ్బున్న ఒక రోగి కేసు

ఎముకలు గుల్లబారినవాళ్లకి ఆరు నెలలకోసారి వేసే డెనోసుమాబ్ ఇంజెక్షన్ మంచి మందు. ఈ మాట ముందే చెప్తున్నాను. ఈ కేసు చదివి భయపడి ఎవరూ తమ ఇంజెక్షన్ ఆపేయకూడదు. ఉన్నట్టుండి ఆపేస్తే వచ్చే ప్రమాదం వేరే ఉంది, దాని గురించీ కింద రాశాను. ఇక్కడి విషయం కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లది. వాళ్లలో ఇదే మందు రక్తంలో కాల్షియాన్ని ప్రాణం మీదికి వచ్చేంతగా దించేయగలదు. అదీ ఇంజెక్షన్ పడిన రోజున కాదు. వారాలు గడిచి, ఆ సంగతి ఇంట్లో అందరూ మర్చిపోయాక జరుగుతుంది.

నేను శ్రీకాకుళం జిల్లాలో కిడ్నీ రోగులను చూస్తుంటాను. ఈ కేసు రాయడానికి రోగి, ఆమె కూతురు ఇద్దరూ ఒప్పుకున్నారు. వాళ్లను గుర్తుపట్టే వివరాలు మార్చాను. జబ్బుకు సంబంధించిన అంకెలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఇస్తున్నాను.

రోగి

64 ఏళ్ల మహిళ, ఉద్దానం ప్రాంతం. వయసులో ఉన్నప్పుడు చాలాకాలం జీడిపిక్కల పనిలో ఉన్నారు. షుగరు లేదు. బీపీ ఎప్పుడూ పెద్దగా లేదు. కాళ్ల వాపు లేదు. కిడ్నీ జబ్బు మాత్రం ఉంది. కిడ్నీ సరిగా వడకట్టకపోతే రక్తంలో పేరుకునే క్రియాటినిన్ 3.1, వయసుతో లెక్కగడితే ఈజీఎఫ్ఆర్ (కిడ్నీ వడపోత సామర్థ్యం) 16. అంటే నాలుగో దశ, డయాలసిస్‌కి ఇంకొక మెట్టు దూరం.

ఉద్దానం కిడ్నీ జబ్బు గురించి తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో 1990ల నుంచీ ఈ జబ్బును వైద్యులు గమనిస్తూ వచ్చారు. కారణం ఇప్పటికీ తేలలేదు. చాలామందిలో మూత్రంలో ప్రోటీన్ పెద్దగా పోదు, వాపులు రావు, మనిషి పైకి బాగానే కనిపిస్తాడు. రక్తపరీక్ష చేస్తే తప్ప బయటపడదు. అందుకే ఈ ఊళ్లలో చదువు రానివాళ్లకి కూడా క్రియాటినిన్ అనే మాట తెలుసు. 'నాకు మూడుంది', 'మా ఆయనకి అయిదు దాటింది' అని మాట్లాడుకుంటారు. ఈవిడకీ తన అంకె తెలుసు.

ఈ ఘటనకి కొన్ని నెలల ముందు పెరట్లో కాలు జారి కూలబడ్డారు. నడుం నొప్పి తగ్గలేదు. కూతురు ఉండే ఊళ్లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చూపించారు. ఎక్స్‌రేలో ఒక వెన్నుపూస కుంగినట్టు కనిపించింది. ఎముకల సాంద్రత చూసే డెక్సా స్కాన్‌లో టీ-స్కోర్ మైనస్ 3.6. ఎముకలు బాగా గుల్లబారాయని చెప్పి డెనోసుమాబ్ 60 మిల్లీగ్రాముల ఇంజెక్షన్ చర్మం కింద వేశారు. రోజుకొక కాల్షియం మాత్ర, వారానికొక విటమిన్ డి సాచెట్, నొప్పి మాత్రలు, వాటికి తోడు గ్యాస్ మాత్ర రాశారు.

అక్కడ 'బీపీ, షుగరు ఉన్నాయా' అని అడిగారట. లేవని చెప్పారు, అది నిజమే. కిడ్నీ గురించి ఎవరూ అడగలేదు, వీళ్లూ చెప్పలేదు. కిడ్నీ ఫైలు ఊళ్లో బీరువాలో ఉంది. నడుం నొప్పికి కిడ్నీ ఫైలు ఎందుకనుకున్నారు. ఇందులో రోగి తప్పేమీ లేదు. తన నడుము వేరు, తన కిడ్నీ వేరు అనుకోవడం ఏ మనిషికైనా సహజం. ఆ రెండింటినీ కలిపి చూడాల్సింది మనం.

ఏం జరిగింది

ఇంజెక్షన్ పడిన పది రోజులకి పెదవుల చుట్టూ తిమ్మిరి మొదలైంది. తర్వాత వేళ్ల చివర్లు జివ్వుమనడం. దగ్గర్లోని ఆర్‌ఎంపీ నరాల బలహీనత అని చెప్పి నరాల ఇంజెక్షన్ వేశాడు. రాత్రుళ్లు పిక్కలు పట్టేయడం మొదలైతే ఎండల వల్ల అనుకుని మజ్జిగ, ఉప్పు ఇచ్చారు. ఈలోగా కాల్షియం మాత్రల అట్ట అయిపోయింది. మాత్రలు ఎక్కువైపోయాయని మళ్లీ కొనలేదు. సాచెట్లు అసలు వేసుకోనే లేదు. గ్యాస్ మాత్ర మాత్రం రోజూ వేసుకున్నారు, ఎందుకంటే అది వేసుకుంటే కడుపు హాయిగా ఉంటోంది.

పద్దెనిమిదో రోజు ఉదయం చేతులు కొంకర్లు పోయాయి. కూతురు ఆటోలో తీసుకొచ్చింది.

'ఏటో బాబూ, మూతంతా తిమ్మిరెక్కిపోతంది. ఏళ్లు కొంకర్లు పోయి ఇప్పుకోలేకపోతన్నాను' అన్నారావిడ. బాగా టెన్షన్ పడుతున్నారు, ఊపిరి వేగంగా తీస్తున్నారు. ఇలా గబగబా ఊపిరి తీసినా రక్తంలో పనిచేసే కాల్షియం ఇంకా తగ్గుతుంది. అంటే భయం జబ్బును పెంచుతుంది, జబ్బు భయాన్ని పెంచుతుంది. 'అమ్మా, కంగారు పడకండి, నెమ్మదిగా ఊపిరి తీసుకోండి, దీనికి మందుంది' అని పక్కన కూర్చుని చెప్పడం కూడా చికిత్సలో భాగమే.

సిస్టర్ బీపీ చూడ్డానికి పట్టీ కట్టి గాలి నింపింది. పట్టీ బిగుసుకుని ఉండగానే ఆవిడ చెయ్యి మా కళ్లముందే మారిపోయింది. ముందు బొటనవేలు అరచేతిలోకి ముడుచుకుంది. మిగతా నాలుగు వేళ్లు నిటారుగా బిగుసుకుని, కొసలు ఒకదానికొకటి అంటుకుపోయాయి. మణికట్టు లోపలికి వంగింది. గాలి తీసేసిన కాసేపటికి నెమ్మదిగా విడిపోయింది. దీన్ని ట్రూసో సైన్ అంటారు. పాఠంలో చెప్పినట్టు చూడాలంటే పై బీపీ కంటే 20 ఎక్కువ నింపి మూడు నిమిషాలు ఉంచాలి. ఈవిడకి నిమిషం కూడా పట్టలేదు. చెవికి ముందు, చెంప మీద వేలితో తట్టితే అదే వైపు పెదవి మూల అదిరింది. అది ష్వోస్టెక్ సైన్. మామూలు మనుషుల్లో కూడా కొందరికి అలా అదరొచ్చు కాబట్టి దాన్ని నేను అంతగా నమ్మను. ట్రూసో కనిపిస్తే మాత్రం రిపోర్టు కోసం ఆగక్కర్లేదు, కాల్షియం ఇవ్వడానికి సిద్ధం కావాలి.

వెంటనే ఈసీజీ తీశాం. ప్రతిసారీ కొట్టుకున్నాక గుండె కరెంటు సర్దుకోవడానికి పట్టే సమయం, అంటే క్యూటీసీ, 530 మిల్లీసెకన్లు. ఆడవాళ్లలో 460 దాటితేనే ఎక్కువంటాం. 500 దాటితే గుండె లయ ఏ నిమిషంలోనైనా తప్పొచ్చు. ఈ జబ్బులో నన్ను భయపెట్టేది ఇదే. చేతుల కొంకర్లు కంటికి కనిపిస్తాయి కాబట్టి అందరూ వాటినే చూస్తారు. మనిషిని తీసుకుపోయేది గుండె లయ. కడుపులో తిప్పుతోందంటే వాంతికి ఆన్‌డాన్‌సెట్రాన్ ఇవ్వడం మన దగ్గర అలవాటు. అదీ క్యూటీని పొడిగిస్తుంది. ఆ ఇంజెక్షన్ తేబోతుంటే వద్దన్నాను.

రిపోర్టులు

మొత్తం కాల్షియం డెసిలీటరుకు 5.6 మిల్లీగ్రాములు. మామూలుగా 8.5 నుంచి 10.5 మధ్య ఉండాలి. రక్తంలో కాల్షియాన్ని మోసే ప్రోటీన్ ఆల్బుమిన్ 3.6 కాబట్టి ఆ మేరకు సరిచేస్తే 5.9. అయొనైజ్డ్ కాల్షియం, అంటే రక్తంలో నిజంగా పనిచేసే భాగం, లీటరుకు 0.72 మిల్లీమోల్స్, ఇది 1.1 కంటే పైన ఉండాలి. ఫాస్ఫరస్ 3.0. కిడ్నీ జబ్బు ఇంత ముదిరినవాళ్లలో ఫాస్ఫరస్ పెరిగి ఉంటుందని ఎదురుచూస్తాం, ఇక్కడ పెరగలేదు. మెగ్నీషియం 1.7. పొటాషియం బాగానే ఉంది. విటమిన్ డి 9 నానోగ్రాములు, అంటే దాదాపు అడుగంటినట్టే. పారాథైరాయిడ్ గ్రంథుల హార్మోను పీటీహెచ్ 1140 పికోగ్రాములు. సాధారణంగా 65 లోపు ఉండాల్సింది. ఎముక ఎంత వేగంగా మారుతోందో చెప్పే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 288.

ఆరు వారాల కిందట మా దగ్గర చేసిన పరీక్షలో ఆవిడ కాల్షియం 8.4. విటమిన్ డి లోపం ఒక్కటే కారణమైతే కాల్షియం నెలల తరబడి మెల్లగా దిగుతుంది, ఇంత వేగంగా కాదు. గ్యాస్ మాత్రలు దీర్ఘకాలం వాడితే మెగ్నీషియం పడిపోయి, దాని వెనక కాల్షియం పడిపోతుంది. ఇక్కడ మెగ్నీషియం బాగానే ఉంది. పీటీహెచ్ అంత పెరిగింది కాబట్టి పారాథైరాయిడ్ గ్రంథులు చచ్చుబడలేదు, శక్తికొద్దీ పనిచేస్తున్నాయి. ఆ హార్మోను చేసే పనిలో పెద్ద భాగం ఎముకలోంచి కాల్షియాన్ని రక్తంలోకి రప్పించడం. హార్మోను ఇంత గట్టిగా అడుగుతున్నా ఎముక ఇవ్వడం లేదంటే, ఎముకను ఎవరో కట్టేశారన్నమాట.

'ఈ రెండు నెలల్లో కొత్త మందుగానీ ఇంజెక్షన్‌గానీ ఏమైనా పడిందా?' అని అడిగాను. 'నరాల ఇంజెక్షన్ ఒకటే సార్' అంది కూతురు. 'ఎముకలకి ఏమైనా వేశారా?' అని విడిగా అడిగితే అప్పుడు గుర్తొచ్చింది, ఫోనులో చీటీ ఫొటో తీసి చూపించింది. ఇంజెక్షన్ పేరు అందులో ఉంది. ఈ ఒక్క ప్రశ్నను అడగాల్సిన పద్ధతి కూడా ఇదే. 'మందులేం వాడుతున్నారు' అంటే రోగి రోజూ మింగే మాత్రలే చెప్తారు. ఎప్పుడో ఒకసారి పడిన ఇంజెక్షన్ వాళ్ల లెక్కలో మందు కాదు. ఆరు నెలలు వెనక్కి వెళ్లి, పేరు పెట్టి అడగాలి.

ఈ మందు అలా ఎందుకు చేస్తుంది

మన ఒంట్లోని కాల్షియంలో 99 శాతం ఎముకల్లోనే ఉంటుంది. ఎముక ఒకవైపు కరుగుతూ, ఇంకోవైపు కట్టుకుంటూ ఉంటుంది. కరిగించే కణాలు ఆస్టియోక్లాస్టులు. అవి పుట్టి, పెరిగి, పనిచేయాలంటే ర్యాంక్ లైగాండ్ అనే ప్రోటీన్ కావాలి. డెనోసుమాబ్ ఆ ప్రోటీన్‌ను పట్టుకునే యాంటీబాడీ. దాన్ని పట్టేస్తే కరిగించే కణాలు పడకేస్తాయి, ఎముక నిలబడుతుంది. గుల్లబారిన ఎముకకు మనం కోరుకునేది అదే.

ఆవిడ కూతురికి నేను గాదె లెక్కన చెప్పాను. గాదెలోంచి గింజలు తీసే కింది కంత మూసేశాం. పైనుంచి పోయడం మాత్రం ఆగలేదు. అప్పుడు గాదె నిండుతుంది, ఇంట్లో వంటకి గింజ దొరకదు. ఎముకలోకి కాల్షియం వెళ్తూనే ఉంది, బయటికి రావడం లేదు. అంటే గుండెకీ నరాలకీ కాల్షియం దొరకదు.

కిడ్నీలు బాగున్న మనిషిలో ఇంత జరగదు. కాల్షియం కొంచెం తగ్గగానే పీటీహెచ్ పెరుగుతుంది, కిడ్నీ మూత్రంలో పోయే కాల్షియాన్ని వెనక్కి లాక్కుంటుంది, విటమిన్ డిని పనిచేసే రూపంలోకి మార్చి పేగుకి పంపుతుంది, పేగు తిండిలోంచి ఎక్కువ కాల్షియం పీల్చుకుంటుంది. సమస్య చాలావరకు దానంతటదే సర్దుకుంటుంది. కిడ్నీ పాడైన మనిషికి ఈ దారులన్నీ అప్పటికే మూసుకుపోయి ఉంటాయి. విటమిన్ డిని పనిచేసే రూపానికి మార్చే చివరి మెట్టు కిడ్నీలోనే జరుగుతుంది కాబట్టి సాచెట్లు ఎన్ని మింగినా ఆ మార్పు సరిగా జరగదు. అలాంటి మనిషిలో రక్తంలోని కాల్షియాన్ని నిలబెడుతున్నది ఎముక ఒక్కటే. ఏళ్లుగా పెరిగిపోయిన పీటీహెచ్ ఆ ఎముకను కరిగించి కరిగించి రక్తానికి పెడుతోంది. ఎముక గుల్లబారడానికీ కారణం అదే. డెక్సా స్కాన్ ఎముక పలచబడిందని మాత్రమే చెప్తుంది, ఎందుకు పలచబడిందో చెప్పదు. వయసుతో, నెలసరి ఆగిపోవడంతో వచ్చిందా, కిడ్నీ వల్ల వచ్చిందా అన్నది రక్తపరీక్షలతో మనం తేల్చుకోవాలి. ఆ తేడా తెలుసుకోకుండా ఎముక తలుపు మూసేస్తే జరిగేది ఈ కేసే.

ఇంకో చిక్కు ఉంది. ఎముకలకిచ్చే జోలెడ్రోనిక్ యాసిడ్ లాంటి మందులు కిడ్నీ ద్వారా పోతాయి. క్రియాటినిన్ క్లియరెన్స్ 35 కంటే తక్కువుంటే ఇవ్వకూడదు. డెనోసుమాబ్ కిడ్నీ ద్వారా పోదు, మోతాదు తగ్గించక్కర్లేదు. దాంతో 'ఇది కిడ్నీకి సేఫ్' అనే మాట ప్రచారంలోకి వచ్చింది. మందు కిడ్నీని పాడుచేయదన్నది నిజం. కానీ కిడ్నీ పాడైన మనిషిని ఆ మందు ఏం చేస్తుందన్నది పూర్తిగా వేరే ప్రశ్న. ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్ల, వేరే మందు ఇవ్వలేమని కిడ్నీ రోగికే ఏరికోరి దీన్ని ఇవ్వడం జరుగుతోంది. ఎవరికి ఎక్కువ ప్రమాదమో వాళ్ల దగ్గరికే మందు వెళ్తోంది.

చికిత్స

పది శాతం కాల్షియం గ్లూకోనేట్ 10 మిల్లీలీటర్ల ఆంప్యూల్స్ రెండు, డెక్స్‌ట్రోజ్‌లో కలిపి, మానిటర్ మీద గుండెను చూస్తూ ఇరవై నిమిషాల పాటు ఎక్కించాం. గబుక్కున నెట్టేస్తే గుండె వేగం పడిపోతుంది. చేతి వెనక సన్నటి నరం కాకుండా మోచేతి దగ్గర పెద్ద నరం ఎంచుకున్నాం, ఎందుకంటే ఈ మందు నరం దాటి బయటికి కారితే చర్మం కుళ్లుతుంది. పెదవుల తిమ్మిరి ఆ గంటలోనే తగ్గింది. ఆవిడ ముఖంలో తేడా కనిపించింది. కూతురు 'తగ్గిపోయిందా సార్, ఇంటికెళ్లొచ్చా' అని అడిగింది.

లేదని చెప్పాల్సి వచ్చింది. ఒక ఆంప్యూల్‌లో ఉండే అసలు కాల్షియం 93 మిల్లీగ్రాములే. ఆకలితో ఉన్న ఎముక దాన్ని కొన్ని గంటల్లో లాగేసుకుంటుంది. సాయంత్రానికి అయొనైజ్డ్ కాల్షియం మళ్లీ 0.8 దగ్గరికి దిగింది. అప్పుడు సిరంజి పంపు మీద కాల్షియాన్ని నిరంతరంగా నడిపాం. మూత్రపిండాలు అంతంతమాత్రం కాబట్టి సెలైన్ ఎక్కువ పట్టకుండా ద్రవం తక్కువగా, మందు చిక్కగా ఇచ్చాం. ఆరు గంటలకోసారి రక్తం తీశాం.

దాంతోపాటు నోటి ద్వారా కాల్షియం కార్బొనేట్ పెద్ద మోతాదులో ఇచ్చాం. ఫాస్ఫరస్ ఎక్కువున్న కిడ్నీ రోగులకి దీన్ని భోజనంతో ఇస్తాం, తిండిలోని ఫాస్ఫరస్‌ను పట్టుకోవడానికి. ఈవిడకి ఫాస్ఫరస్ పెరగలేదు. కావాల్సింది కాల్షియం ఒంటికి పట్టడం, అందుకే ఎక్కువ భాగం భోజనాల మధ్య వేళల్లో ఇచ్చాం. కడుపులో ఆమ్లం ఉంటేనే కాల్షియం కార్బొనేట్ కరుగుతుంది కాబట్టి గ్యాస్ మాత్ర ఆపేశాం. నొప్పి మాత్రలూ ఆపేశాం, అవి మిగిలిన కిడ్నీని తినేస్తాయి. విటమిన్ డిలో కిడ్నీ అవసరం లేకుండా నేరుగా పనిచేసే రూపం కాల్సిట్రియాల్. దాన్ని రోజుకి 2 మైక్రోగ్రాముల దాకా పెంచాం. మామూలుగా మేం వాడేది 0.25. ఆవిడ రోజూ వేసుకునే సోడాబైకార్బ్ మాత్రలను కాల్షియం నిలబడేదాకా పక్కన పెట్టాం. రక్తంలో ఆమ్లం ఒక్కసారిగా తగ్గితే అయొనైజ్డ్ కాల్షియం ఇంకా పడిపోతుంది. కిడ్నీ రోగి నీరసంగా వస్తే అలవాటుగా బైకార్బ్ ఎక్కించేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. కాల్షియంతో పాటు ఒకే ట్యూబులో అసలే ఎక్కించకూడదు, గడ్డకడుతుంది.

వారం దాటాక పంపు ఆపగలిగాం. క్యూటీసీ 455కి వచ్చింది. ఇంటికి పంపేటప్పుడు కాల్షియం 7.9.

కూతురు అడిగిన ఇంకో ప్రశ్న: 'ఆ ఇంజెక్షన్‌కి విరుగుడు లేదా సార్?' లేదు. యాంటీబాడీ ఒంట్లో నెలల తరబడి ఉంటుంది. డయాలసిస్‌లో కూడా పోదు. దాని ప్రభావం సన్నగిల్లేదాకా కాల్షియాన్ని మనమే మోయాలి. వారానికి రెండుసార్లు రక్తపరీక్ష అంటే ఉద్దానం పల్లె నుంచి బస్సు, కూలి పోగొట్టుకోవడం, కూతురు తన ఇల్లు వదిలి రావడం. పరీక్ష ఊళ్లోనే తీసి రిపోర్టు ఫోనులో పంపేలా ఏర్పాటు చేశాం, దాంతో ఆ తిప్పలు చాలావరకు తగ్గాయి.

తర్వాతి నెలల్లో జాగ్రత్త ఎదురు దిశలో కావాలి. ఆరో నెల దగ్గరపడేకొద్దీ మందు ప్రభావం తగ్గి, ఎముక మళ్లీ కరగడం మొదలవుతుంది. అప్పటికీ ఇంత కాల్షియం, ఇంత కాల్సిట్రియాల్ మింగుతూ ఉంటే ఈసారి కాల్షియం హద్దు దాటి పెరుగుతుంది. మేం మూడో నెల నుంచే మోతాదు తగ్గిస్తూ వచ్చాం.

ఈ ప్రమాదం ఎంత పెద్దది

డెనోసుమాబ్‌కి అనుమతి రావడానికి ఆధారమైన పెద్ద పరిశోధన 2009లో వచ్చింది. 7,868 మంది మహిళలు, మూడేళ్లు. వెన్నుపూసలు విరగడం 68 శాతం తగ్గింది, తుంటి ఎముక విరగడం 40 శాతం తగ్గింది. కాల్షియం పడిపోవడం దాదాపు కనిపించలేదు. అయితే అందులో ఉన్న ప్రతి ఒక్కరికీ రోజూ కాల్షియం, విటమిన్ డి ఇచ్చారు. విటమిన్ డి 12 కంటే తక్కువున్నవాళ్లను చేర్చుకోనే లేదు. మా రోగికి 9. ఆవిడ ఆ పరిశోధనలోకి అడుగుపెట్టగలిగేవారే కాదు. ఆ మంచి ఫలితాలను ఆవిడకి వర్తింపజేయడం కుదరదు.

2024 జనవరిలో వచ్చిన అమెరికా అధ్యయనం డయాలసిస్ మీదున్న 65 ఏళ్లు దాటిన మహిళలను చూసింది. డెనోసుమాబ్ తీసుకున్నవాళ్లలో 12 వారాల్లోపు కాల్షియం తీవ్రంగా పడిపోయినవాళ్లు 41.1 శాతం. నోటి ద్వారా బిస్‌ఫాస్ఫొనేట్ మాత్రలు (జోలెడ్రోనిక్ యాసిడ్ రకం మందులు) వాడినవాళ్లలో అది 2 శాతం. అదే నెలలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ మందు సమాచార పత్రంలో, గడి కట్టి వేసే, అన్నిటికంటే తీవ్రమైన హెచ్చరికను చేర్చింది. ముదిరిన కిడ్నీ జబ్బున్నవాళ్లలో, ముఖ్యంగా డయాలసిస్ రోగుల్లో, కాల్షియం ప్రమాదకరంగా పడిపోయి ఆసుపత్రి పాలవడం, మరణాలు కూడా జరిగాయని అందులో ఉంది.

కాల్షియం సంగతి ఇంత వివరంగా రాసి మిగతావి వదిలేస్తే పొరపాటు. దవడ ఎముక మానకపోవడం అరుదు, కానీ పన్ను పీకించుకోవాల్సి ఉంటే ఇంజెక్షన్‌కి ముందే పీకించుకోవడం మేలు, తర్వాతైతే డెంటిస్టుకి ఈ మందు సంగతి చెప్పాలి. ఏళ్ల తరబడి వాడేవాళ్లకి తొడ లేదా గజ్జ దగ్గర మొండి నొప్పి వస్తే తొడ ఎముక ఎక్స్‌రే తీయాలి. చర్మం ఎర్రగా వాచి జ్వరం వస్తే వెంటనే చూపించుకోవాలి. దద్దుర్లు, ఒళ్లునొప్పులు కొందరికి వస్తాయి, చాలావరకు తగ్గిపోతాయి.

అన్నిటికంటే మన జనానికి చెప్పాల్సింది ఆలస్యం గురించి. కొంతకాలం వాడి, నొప్పి తగ్గిందని ఆపేసినా, ఏడు నెలలు దాటేదాకా వాయిదా వేసినా, పడుకున్న ఆస్టియోక్లాస్టులన్నీ ఒక్కసారి లేస్తాయి. ఒకటికి రెండు మూడు వెన్నుపూసలు వరసగా కుంగినవాళ్లున్నారు. ఆపాలనుకుంటే డాక్టరు ఇంకో ఎముకల మందు మొదలుపెట్టి ఆపాలి. కిడ్నీలు బాగున్నవాళ్లు ఇంజెక్షన్ తేదీని గ్యాస్ బండ బుక్ చేసినంత ఖచ్చితంగా గుర్తుంచుకోవాలి.

ఇంజెక్షన్ వేసే ముందు

ఆర్థోపెడిక్, మెడిసిన్ మిత్రులను నేను అడిగేది పెద్ద పని కాదు. టీ-స్కోర్ చూసి చీటీ రాసేముందు క్రియాటినిన్, కాల్షియం, విటమిన్ డి చూడండి. ఉత్తరాంధ్ర తీరం నుంచి వచ్చిన మనిషి అయితే బీపీ, షుగరు లేవన్నా సరే క్రియాటినిన్ తప్పనిసరి. ఈజీఎఫ్ఆర్ 30 కంటే తక్కువుంటే పీటీహెచ్, ఫాస్ఫరస్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ కూడా చేసి, కిడ్నీ డాక్టరుతో ఒక్క ఫోను మాట్లాడండి. కాల్షియం తక్కువున్న మనిషికి ఇంజెక్షన్ వేయకూడదు, ముందు దాన్ని సరిచేయాలి. ఎముక బయాప్సీ చేయించే వీలు మనకి దాదాపు లేదు కాబట్టి ఈ రక్తపరీక్షలే మన కళ్లు.

అలాంటి రోగికి కూడా ఒక్కోసారి డెనోసుమాబ్ తప్పదు. తుంటి విరిగి, మళ్లీ మళ్లీ పడుతున్నవాళ్లున్నారు. అప్పుడు నేను కాల్సిట్రియాల్, కాల్షియం ముందే మొదలుపెట్టి, ఇంజెక్షన్ తర్వాత మొదటి నెలంతా వారం వారం, ఆపైన నెలనెలా కాల్షియం చూస్తాను. డయాలసిస్ రోగుల్లో కాల్షియం అట్టడుగుకి చేరడం రెండో వారం నుంచి పదో వారం మధ్య ఎప్పుడైనా జరగొచ్చు. ఒక పరీక్ష బాగుందని వదిలేయకూడదు. క్యాన్సర్ ఎముకలకి పాకినవాళ్లకి ఇదే మందును నెలకి 120 మిల్లీగ్రాముల చొప్పున వేరే పేరుతో ఇస్తారు, వాళ్లకీ ఇదే వర్తిస్తుంది.

రోగులకి, ఇంట్లోవాళ్లకి: పెదవుల చుట్టూ తిమ్మిరి, వేళ్లు కొంకర్లు పోవడం, పిక్కలు పట్టేయడం, గుండె దడ, ఫిట్స్, స్పృహ తప్పడం. ఈ ఇంజెక్షన్ పడిన మూడు నెలల్లోపు ఇందులో ఏది వచ్చినా నరాల బలహీనత అని ఊరుకోవద్దు. నరాల ఇంజెక్షన్ వేయించుకుని రోజులు పోగొట్టుకోవద్దు. అదే రోజు కాల్షియం పరీక్ష, ఈసీజీ చేయించుకోండి. ఇంజెక్షన్ పేరు, తేదీ కిడ్నీ ఫైలు అట్ట మీదే రాయించుకోండి.

రెండో ఇంజెక్షన్ సంగతి

ఆరో నెల వచ్చేసరికి తేల్చుకోవాల్సిన ప్రశ్న ఇది. మళ్లీ వేస్తే కాల్షియం భయం, వేయకపోతే ఎముకలు ఒక్కసారిగా కరిగే భయం. ఇంజెక్షన్ ఆపాక వెన్నుపూసలు వరసగా విరగడం ఎక్కువగా చూసింది రెండు అంతకంటే ఎక్కువ డోసులు తీసుకున్నవాళ్లలో. ఈవిడకి పడింది ఒకటే. పైగా ఆవిడ ఎముక గుల్లబారింది పీటీహెచ్ వల్ల. దాన్ని దించడమే అసలు చికిత్స. అందుకని రెండో డోసు వద్దనుకున్నాం. ఇంజెక్షన్ రాసిన డాక్టరుతో ఫోనులో మాట్లాడాను, ఆయన మొత్తం విని ఒప్పుకున్నారు, తన చీటీల మీద క్రియాటినిన్ గడి కూడా పెట్టించారు.

కాల్సిట్రియాల్ మీద పీటీహెచ్ 1140 నుంచి 410కి దిగింది. ఆరో నెల, తొమ్మిదో నెల తీసిన వెన్ను ఎక్స్‌రేల్లో కొత్తగా ఏ పూసా కుంగలేదు. కాల్షియం ఇప్పుడు 8.7, రోజుకి ఒక కాల్షియం మాత్ర, కాల్సిట్రియాల్ 0.25 మీద నిలిచింది. నడుం నొప్పికి పారాసెటమాల్, నడుం బెల్టు, ఫిజియోథెరపీ. పెరట్లో నాచు పట్టిన గచ్చు గరుకుగా చేయించారు, బాత్రూంలో పట్టుకోవడానికి కడ్డీ పెట్టించారు.

ఈజీఎఫ్ఆర్ 13కి తగ్గింది కాబట్టి ఎడమ చేతికి ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి రక్తనాళాలను కలిపే ఆపరేషన్) వేయించాం. డయాలసిస్ మొదలయ్యే రోజున అక్కడి టెక్నీషియన్ చూసుకునేలా డయాలసిస్ ద్రావణంలో కాల్షియం ఎంత ఉండాలో, ఎప్పుడు ఏ ఇంజెక్షన్ పడిందో ఫైలు మొదటి పేజీలో ఎర్రసిరాతో రాసిచ్చాను.